గ్రీకు, లాటిన్ ప్రాచీన సాహిత్యం సొంతంగా చదవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీలో చేరకుండా, పక్కన గురువు లేకుండా ప్రాచీన గ్రీసు, రోముల భాషలు, సాహిత్యం, చరిత్ర చదువుకోవాలనుకునే వాళ్ళ కోసం ఈ పేజీ. ప్రశ్నల్ని వరసగా చదవక్కర్లేదు. భాష నేర్చుకునే ఉద్దేశం ఉంటే మాత్రం తెలుగు విభక్తుల గురించిన జవాబును వదలొద్దు. ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకాల్లో ఆ సంగతులు దొరకవు.

క్లాసికల్ స్టడీస్‌లో ఏమేం వస్తాయి?

పేరు విని శాస్త్రీయ సంగీతమో నాట్యమో అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ క్లాసికల్ అంటే ప్రాచీన గ్రీసు, రోము. ఆ రెండు భాషలు, వాటిలోని కావ్యాలు, నాటకాలు, చరిత్రలు, తత్వగ్రంథాలు, కోర్టు ఉపన్యాసాలు అన్నీ ఇందులోవే. ఆ సమాజాల రాజకీయం, చట్టం, మతం, వాటితో పాటు శిల్పాలు, బొమ్మలు గీసిన కుండలు, నాణేలు, శాసనాలు, తవ్వకాల్లో బయటపడ్డ ఊళ్ళూ వస్తాయి.

కాలం విషయానికొస్తే, గ్రీకు కవి హోమర్ కావ్యాలు రూపం దిద్దుకున్న క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలిన క్రీ.శ. 476 దాకా అని మామూలుగా చెబుతారు. ఈ గీతలు రెండు వైపులా సాగుతాయి. మైసినీ కాలపు (హోమర్‌కు ముందున్న గ్రీసు నాగరికత) మట్టిపలకల మీది లీనియర్ బి లిపిలో ఉన్నది గ్రీకేనని 1952లో మైకేల్ వెంట్రిస్ తేల్చాక మొదలు మరో ఐదారు వందల ఏళ్ళు వెనక్కి జరిగింది.

భాష రాకుండా మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టవచ్చు, అలా మొదలుపెట్టడమే మంచిది. మొదటి మూడు నాలుగు నెలలు అనువాదాలే చదవండి. ఎవరు ఎవరి తర్వాత, ఏ యుద్ధం ఎప్పుడు, ఏ దేవుడికి ఎవరితో వైరం అన్నవి తెలిసి ఉంటే, తర్వాత మూలం చదివేటప్పుడు వ్యాకరణం ఒక్కటే బరువవుతుంది. కథ కూడా తెలియనివాళ్ళు రెండు బరువులూ ఒకేసారి మోయాలి.

ఏ వరసలో చదవాలి?

చాలా జాబితాలు హోమర్ ఇలియడ్‌తో మొదలవుతాయి. మా సలహా ఆయనదే అయిన ఒడిస్సీతో మొదలుపెట్టమని. దాదాపు 12,100 పంక్తులు, 24 సర్గలు. రోజుకో సర్గ చదివితే నెల తిరక్కుండా అయిపోతుంది. ఇలియడ్ పట్టుకున్నవాళ్ళలో చాలామంది రెండో సర్గలోని ఓడల జాబితా దగ్గర ఆగిపోతారు. 494వ పంక్తి నుంచి 759 దాకా ఎవరు ఎన్ని ఓడలతో వచ్చారన్న లెక్క అది. మొదటిసారి దాన్ని దాటేసినా కొంప మునగదు.

ఒడిస్సీ తర్వాత ఈస్కిలస్ రాసిన ఒరెస్టియా. క్రీ.పూ. 458లో ప్రదర్శించారు. మూడు విషాద నాటకాల వరస పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. ఆపైన సోఫోక్లీస్ నాటకాలు రెండు, ప్లేటో రాసిన అపాలజీ, హెరొడోటస్ 7, 8 భాగాలు (పర్షియా రాజు జెర్క్సిస్ దండయాత్ర), థుసిడిడీస్ 6, 7 భాగాలు (సిసిలీలో ఏథెన్స్ సర్వనాశనం). రోము వైపు లివీ మొదటి భాగం, ప్లూటార్క్ రాసిన సీజర్ జీవితం, వర్జిల్ ఈనియడ్‌లో 1, 2, 4, 6 సర్గలు, టాసిటస్ అనాల్స్ మొదటి భాగం. ఇవి పూర్తయ్యేసరికి మీకు ఏది నచ్చుతుందో మీకే తెలుస్తుంది. అక్కణ్ణుంచి జాబితాలతో పని లేదు.

ఎలాంటి అనువాదం ఎంచుకోవాలి?

ముందు పేజీ అంచు చూడండి. మూలంలోని పంక్తుల సంఖ్యలు, లేదా భాగం, అధ్యాయం సంఖ్యలు లేని అనువాదం చదువుకునేవాళ్ళకు పనికిరాదు. వ్యాఖ్యానాలన్నీ ఆ సంఖ్యల్నే పట్టుకుని మాట్లాడతాయి. తర్వాత పేర్లు చూడండి. ఉచితంగా దొరికే 19వ శతాబ్దపు అనువాదాలు కొన్నిటిలో గ్రీకు దేవతలకు రోమన్ పేర్లు పెట్టారు. జ్యూస్ జూపిటర్ అవుతాడు, అథీనా మినర్వా అవుతుంది, ఒడిస్యూస్ యులిసెస్ అవుతాడు. తెలియకపోతే వాళ్ళెవరో వేరే పాత్రలనుకుంటారు.

ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు కావాలంటే లోబ్ క్లాసికల్ లైబ్రరీ ఉంది. జేమ్స్ లోబ్ 1911లో నెలకొల్పాడు. గ్రీకుకు పచ్చ అట్ట, లాటిన్‌కు ఎర్ర అట్ట. కాపీరైటు తీరిన పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అయితే పాతవాటిలో మర్యాద పాలు ఎక్కువ. రోమన్ కవి మార్షల్ పద్యాల పాత లోబ్‌లో బూతు అనిపించిన వాటిని ఇంగ్లీషులోకి కాకుండా ఇటాలియన్‌లోకి అనువదించి పెట్టారు!

గ్రీకు ముందా, లాటిన్ ముందా?

మీరు దేని కోసం వచ్చారో అదే ముందు. హోమర్, ప్లేటో కోసమైతే గ్రీకు, రోమన్ చరిత్ర కోసమైతే లాటిన్. ఏదైనా ఒకటే అంటే లాటిన్ తీసుకోండి. కొత్త లిపి ఉండదు, క్రియారూపాలు గ్రీకుతో పోలిస్తే బాగా తక్కువ. క్రియను పూర్తిగా తెలుసుకోడానికి లాటిన్‌లో నాలుగు మూలరూపాలు కంఠస్థం చేయాలి, గ్రీకులో ఆరు. రెండూ ఒకేసారి మాత్రం వద్దు. మొదటిదాంట్లో పాఠ్యపుస్తకం పూర్తయ్యాక రెండోది ఎత్తుకుంటే సగం భావనలు అప్పటికే తెలిసి ఉంటాయి.

ఎంత కాలం పడుతుంది?

రోజుకు 45 నిమిషాలు, వారానికి ఆరు రోజులు కూర్చుంటే లాటిన్ పాఠ్యపుస్తకానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. గ్రీకుకు దాని మీద ఇంకో సగం కలుపుకోండి. ఆ 45లో పది నిమిషాలు పాత రూపాల పునశ్చరణ, ఇరవై కొత్త పాఠం, మిగతా పదిహేను గట్టిగా చదవడం, చేత్తో రాయడం. సెలవురోజున నాలుగు గంటలు కూర్చుని మిగతా వారం ముట్టుకోని పద్ధతి పారదు. మొన్న నేర్చిన ప్రత్యయాలు మళ్ళీ కూర్చునేలోగా ఆవిరైపోతాయి, మొదటి గంటన్నర వాటిని తిరిగి పోగుచేయడానికే పోతుంది.

గ్రీకు లిపి కష్టమా?

24 అక్షరాలు, నాలుగు రోజుల పని. తికమక పెట్టేవి ఇంగ్లీషును పోలిన అక్షరాలే. రో చూడ్డానికి ఇంగ్లీషు పీ లా ఉంటుంది, పలికేది ర. చిన్న ను ఇంగ్లీషు వీ లా ఉంటుంది, అది న. పెద్ద ఈటా హెచ్ లా ఉంటుంది, అది అచ్చు. సిగ్మాకు రెండు రూపాలు, మాట చివర వచ్చేది వేరు.

అచ్చుతో మొదలయ్యే ప్రతి మాట మీదా ఊపిరి గుర్తు ఒకటి ఉంటుంది. ఒకవైపు తిరిగితే ముందు హ పలకాలి, రెండోవైపు తిరిగితే ఏమీ అక్కర్లేదు. మొదటి రోజు నుంచే వాటిని రాయండి. స్వరచిహ్నాల సూత్రాలు మూడు నెలల దాకా కంఠస్థం చేయకపోయినా ఫరవాలేదు గానీ కళ్ళు వాటిని చూడ్డం మానకూడదు. తిస్ అన్న మాట మీద స్వరచిహ్నం నిక్కచ్చిగా ఉంటే ‘ఎవరు?’, లేకపోతే ‘ఎవరో’.

ఉచ్చారణ ఎలా తెలుస్తుంది?

లాటిన్‌కు రెండు పద్ధతులున్నాయి. ప్రాచీన ఉచ్చారణలో సీ ఎప్పుడూ క, వీ ఎప్పుడూ వ. సీజర్ కైసర్ అవుతాడు, సిసిరో కికెరో అవుతాడు. చర్చి ఉచ్చారణలో అదే చేసర్, చీచెరో. ప్రాచీన సాహిత్యానికి మొదటిది పట్టండి, ఏదో ఒకదానికే కట్టుబడండి.

హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం వేరువేరుగా పలకడం తెలుగువాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. లాటిన్‌లో అవే అర్థాన్ని మారుస్తాయి. గ్రీకులో ఫీ, థీటా, ఖీ అనే మూడు అక్షరాలు ప్రాచీన ఏథెన్స్‌లో ఒత్తక్షరాలే: ఫ, థ, ఖ. ఇంగ్లీషు ఎఫ్ లాంటి శబ్దం తర్వాతి కాలానిది. పాఠ్యపుస్తకం పేజీలకు పేజీలు వివరించే ఈ తేడాను మన లిపిలో మూడక్షరాల్లో రాసేయవచ్చు.

తెలుగు వచ్చినందువల్ల భాషలో ఏమైనా లాభం ఉందా?

చాలా ఉంది. కానీ పాఠ్యపుస్తకం ఇంగ్లీషువాళ్ళ కోసం రాసింది కాబట్టి ఆ లాభాన్ని మీరే పట్టుకోవాలి. ‘మాట చోటు మారినా అర్థం మారదు, చివరి ప్రత్యయమే చెబుతుంది’ అని లాటిన్ పుస్తకం మొదటి అధ్యాయంలో ఆశ్చర్యంగా చెబుతుంది. పుఎల్లా పుఎరుం విదెత్ అన్నా, పుఎరుం పుఎల్లా విదెత్ అన్నా ఒకటే. ‘అమ్మాయి అబ్బాయిని చూస్తోంది’, ‘అబ్బాయిని అమ్మాయి చూస్తోంది’. చివరి ఉం మన ‘ని’. క్రియ వాక్యం చివర ఉండటం కూడా వాళ్ళకు వింత, మనకు కాదు.

విభక్తుల్ని ఇంగ్లీషు పేర్లతో కాకుండా మన ప్రత్యయాలతో గుర్తుపెట్టుకోండి. అక్యూజటివ్ అంటే ‘ని, ను’. డేటివ్ అంటే ‘కి, కు’. జెనిటివ్ అంటే ‘యొక్క’. వోకటివ్ పిలుపు. లాటిన్ ఆబ్లటివ్ ఒక్కటే ‘తో/చేత’, ‘నుంచి’, ‘లో’ అన్న మూడు పనులూ చేస్తుంది, అందుకే దాన్ని చూసినప్పుడల్లా మూడూ వేసి చూడాలి. గ్రీకులో ఆబ్లటివ్ లేదు. ‘నుంచి’ పని జెనిటివ్‌కి, ‘తో, లో’ పని డేటివ్‌కి పోయాయి. ప్రథమ, ద్వితీయ అన్న అంకెల జోలికి పోకండి, అక్కడ చిక్కుంది: బడిలో నేర్చిన తెలుగు వ్యాకరణం ‘కి, కు’లను షష్ఠిలో పెట్టింది, సంస్కృతంలో ఆ పని చతుర్థిది.

మిహి లిబెర్ ఎస్ట్. పుస్తకంలో దీనికి ‘డేటివ్ ఆఫ్ పొసెషన్’ అని పేరుపెట్టి ఒక పేరా వివరణ ఉంటుంది. మాటకు మాట చూస్తే ‘నాకు పుస్తకం ఉంది’, అంతే. మిహి ప్లాకెత్ కూడా అలాగే, ‘నాకు నచ్చుతుంది’.

నామవాచకాన్ని నేర్చేటప్పుడు జెనిటివ్‌తో కలిపి నేర్వమంటారు. రెక్స్ (రాజు) కాదు, రెక్స్–రేగిస్. ఇతెర్ (దారి) కాదు, ఇతెర్–ఇతినెరిస్. ఎందుకంటే మొదటి రూపం ప్రాతిపదికను దాచేస్తుంది. ‘ఇల్లు’ ఒక్కటే నేర్చుకున్నవాడికి ‘ఇంటికి’ కనబడితే ఏం తెలుస్తుంది? ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, నోరు–నోటి అని జంటగా నేర్వాలి. ఇదీ అదే కథ.

అసమాపక క్రియల దగ్గర మనకు ఇంకా సుఖం. గ్రీకు ఎల్థోన్ ఎయ్‌దెన్ అంటే ‘వచ్చి చూశాడు’. లాటిన్‌లో అందరినీ భయపెట్టే ఆబ్లటివ్ అబ్సల్యూట్ మన ‘-గా’. ఉర్బె కాప్తా, ‘నగరం పట్టుబడగా’. సంస్కృతం చదివినవాళ్ళకైతే సతి సప్తమి అంటే చాలు.

మరి తెలుగు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది?

రెండు చోట్ల. మొదటిది విశేషణం. ‘మంచి అబ్బాయి, మంచి అమ్మాయి’లో ‘మంచి’ మారదు. లాటిన్‌లో బొనుస్ పుఎర్, బొనా పుఎల్లా. లింగం, వచనం, విభక్తి మూడూ కలవాలి, చివరి శబ్దం కలవక్కర్లేదు. నావికుడు నౌతా, చూడ్డానికి స్త్రీలింగంలా ఉంటాడు కానీ పుంలింగం, కాబట్టి నౌతా బొనుస్. తెలుగువాళ్ళు రాసిన అభ్యాసాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి.

రెండోది ‘నిన్న వచ్చిన మనిషి’ లాంటి వాక్యం. మన ‘వచ్చిన’కు బదులు అక్కడ ‘ఎవడైతే వచ్చాడో’ అని పూర్తి ఉపవాక్యం ఉంటుంది. ఆ ‘ఎవడైతే’ లింగాన్ని, వచనాన్ని తను సూచించే మాట నుంచి తీసుకుంటుంది, విభక్తిని మాత్రం సొంత ఉపవాక్యంలో చేసే పనిని బట్టి తీసుకుంటుంది. విభక్తి కూడా సూచించే మాటదే అనుకుంటే వాక్యం తలకిందులవుతుంది.

ఏ పాఠ్యపుస్తకం?

పద్ధతులు రెండు. వ్యాకరణం ముందు చెప్పి వాక్యాలు తర్వాత ఇచ్చేది ఒకటి. లాటిన్‌లో వీలాక్ పుస్తకం (మొదటి ముద్రణ 1956, 40 అధ్యాయాలు) ఇలాంటిది. వెనకాల స్వయంశిక్షణ అభ్యాసాలకు జవాబులుంటాయి, ఒంటరిగా చదివేవాళ్ళకు అవి ప్రాణం. రెండోది చదువుతూ నేర్చుకునేది. ఓర్‌బెర్గ్ రాసిన ఫమీలియా రొమానాలో 35 అధ్యాయాలు, మొదటి పేజీ నుంచి చివరిదాకా లాటినే. ‘రోమా ఇన్ ఇతాలియా ఎస్ట్’ అని మొదలవుతుంది, పటం చూస్తూ అర్థం చేసుకుంటారు. గ్రీకుకు అథినాజె, రీడింగ్ గ్రీక్ రెండూ కథతో నడిపించేవే.

మొదటి పద్ధతిలో పట్టికలన్నీ నోటికొస్తాయి, పేజీ చదవమంటే మాత్రం నోరు పెగలదు. రెండోదాంట్లో కథ ఊహించుకుంటూ పోయి ప్రత్యయాల్ని చూడటం మానేస్తారు, పుస్తకం సగానికొచ్చాక ఊహ పనిచేయదు. మా మొగ్గు ఓర్‌బెర్గ్ వైపే, ఒక షరతు మీద. ప్రతి అధ్యాయంలో ఐదు వాక్యాలు ఎంచుకుని ఒక్కో మాటకీ విభక్తి, వచనం, కాలం, పురుష కాగితం మీద రాయాలి. పక్కన సంప్రదించడానికి అలెన్, గ్రీనో వ్యాకరణం (1903) ఉంచుకోండి, అది ఉచితం. గ్రీకుకు స్మిత్ వ్యాకరణం (1920) అలాంటిదే.

మూడు పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని మూడింటిలోనూ మొదటి ఐదు అధ్యాయాలు చదివేవాళ్ళు చాలామంది. ఒకటి తెచ్చుకోండి.

మాటలన్నీ తెలిసినా వాక్యం అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

‘ముందు క్రియను వెతుకు, తర్వాత కర్త’ అన్న సలహా ప్రతి ఇంగ్లీషు పుస్తకంలో ఉంటుంది. క్రియ ముందే వచ్చే భాషవాళ్ళకు అది ఊతకర్ర. క్రియ కోసం చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో వచ్చింది కాబట్టి ఎడమ నుంచి కుడికి, వచ్చిన వరసలోనే చదవండి. ఒక్కో మాట దగ్గర ‘ఇది ఏమేం కావచ్చు’ అని మనసులో తెరిచి ఉంచుకోండి.

సీజర్ గాల్ యుద్ధం మొదటి మాటలే తీసుకుందాం: గల్లియా ఎస్ట్ ఒమ్నిస్ దివీసా ఇన్ పార్తేస్ త్రేస్. గల్లియా కర్త కావచ్చు. ఎస్ట్, ‘ఉంది’, కానీ ఏమై ఉంది? ఇంకా తెలియదు. ఒమ్నిస్ (అంతా) కర్త రూపం కావచ్చు, జెనిటివ్ కావచ్చు. పక్కన వేరే నామం లేదు కాబట్టి గల్లియాకే చేరుతుంది. దివీసా వచ్చాక ఎస్ట్‌తో ముడిపడి ‘విభజించబడి ఉంది’ అవుతుంది. ఇన్ తర్వాత పార్తేస్ త్రేస్ అక్యూజటివ్, అంటే ‘మూడు భాగాల్లో’ కాదు, ‘మూడు భాగాలుగా’. ఎస్ట్‌కూ దివీసాకూ మధ్య ఒమ్నిస్ దూరింది. వాక్యాలు పెద్దవవుతున్నకొద్దీ ఇలా విడిపోయిన జంటలే మిమ్మల్ని నిలబెట్టేస్తాయి. పెన్సిల్‌తో జంటల కింద ఒకే రకం గీత గీయండి.

నిఘంటువులో మాట దొరకట్లేదు. ఎందుకని?

మూడు కారణాలు. లాటిన్, గ్రీకు నిఘంటువుల్లో క్రియ ‘నేను చేస్తాను’ రూపం కింద ఉంటుంది: అమో, ‘ప్రేమిస్తాను’. గ్రీకులో భూతకాలపు క్రియల ముందు ఒక ‘ఎ’ చేరుతుంది. ఎలూసా ఎ కింద ఉండదు, లూఓ కింద ఉంటుంది. ఇక కొన్ని క్రియల్లో ధాతువే మారిపోతుంది. తులీ (తెచ్చాను) కోసం ఫెరో కింద చూడాలి. ‘వచ్చాడు’కు ఆజ్ఞారూపం ‘రా’ అయినట్టే.

లాటిన్‌కు ల్యూయిస్, షార్ట్ నిఘంటువు (1879), గ్రీకుకు లిడెల్, స్కాట్ (మొదటి ముద్రణ 1843) పెద్దవి. షికాగో విశ్వవిద్యాలయంవారి లోగెయాన్ వెబ్‌సైట్‌లో రెండూ ఒకేచోట వెతకవచ్చు. మొదటి అర్థం చూసి మూసేయకండి. పెద్ద నిఘంటువు మీరు చదువుతున్న పంక్తినే ఉదాహరణగా ఇచ్చి ఉండవచ్చు.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయంవారి పెర్సియస్ వెబ్‌సైట్‌లో మాట మీద నొక్కితే వ్యాకరణం వచ్చేస్తుంది. కానీ ఒక రూపానికి నాలుగు విశ్లేషణలుంటే అది సూచించేది ఎప్పుడూ సరైనదే కాదు. మీరు ముందు నిర్ణయించుకుని తర్వాత నొక్కండి.

514ఎ లాంటి సంఖ్యలేమిటి?

ప్లేటో గ్రంథాలకు 1578లో స్టెఫానుస్ అచ్చు వేసిన పుస్తకం పేజీ సంఖ్యలు అవి. రిపబ్లిక్ 514ఎ అంటే గుహ ఉపమానం మొదలయ్యే చోటు, ఏ భాష అనువాదంలో అయినా. అరిస్టాటిల్‌కు బెక్కర్ సంఖ్యలు (1831). నోట్సులో పుస్తకం పేజీ ఎప్పుడూ రాసుకోవద్దు, ఈ సంఖ్యే రాసుకోండి.

తేదీల లెక్క ఎందుకు తప్పుతోంది?

సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అగస్టస్ పుట్టింది క్రీ.పూ. 63 సెప్టెంబరులో, పోయింది క్రీ.శ. 14 ఆగస్టులో. 63, 14 కలిపితే 77. ఒకటి తీస్తే 76. పుట్టినరోజు ఇంకా రాలేదు కాబట్టి బతికింది 75 ఏళ్ళు. 594/3 అని గీతతో కనిపిస్తే అది ఏథెన్స్ సంవత్సరం. వాళ్ళకు ఏడాది నడివేసవిలో మొదలవుతుంది కాబట్టి మన రెండు సంవత్సరాల మీద పడుతుంది.

మూలంలో బ్రాకెట్లు, కత్తి గుర్తులు ఏమిటి?

ఆ గ్రంథాలు చేతిరాత ప్రతుల్లో వచ్చాయి. ప్రతులు తప్పులతో ఉంటాయి, కొన్నిసార్లు ఒక్కటే ఉంటుంది. టాసిటస్ అనాల్స్ మొదటి ఆరు భాగాలు ఒకే ఒక్క ప్రతి వల్ల బతికాయి. లివీ 142 భాగాలు రాస్తే 35 మిగిలాయి. పరిష్కర్త (ప్రతుల్ని పోల్చి అచ్చుకు సిద్ధం చేసే పండితుడు) తన అనుమానాన్ని గుర్తులతో చెబుతాడు. కత్తి గుర్తుల (†) మధ్య ఉన్నది చెడిపోయిన పాఠం, బాగుచేయలేకపోయారు. కోణపు బ్రాకెట్లలోది ఆయన చేర్చింది. చదరపు బ్రాకెట్ దగ్గర జాగ్రత్త. కావ్యంలో అయితే ‘ఇది కవిది కాదు, తీసేయాలి’ అని. శాసనంలో, పపైరస్‌లో (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) అయితే ‘ఇక్కడ విరిగిపోయింది, మేము పూరించాం’ అని. ఒకే గుర్తుకు పూర్తి వ్యతిరేకమైన అర్థాలు.

ఛందస్సు చదవాలా?

చదవాలి. అదీ మనకు సగం వచ్చిందే. గ్రీకు, లాటిన్ ఛందస్సు గురులఘువుల మీద నడుస్తుంది. హోమర్, వర్జిల్ వాడిన హెక్సామీటర్‌లో పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగూ భగణమైనా రెండు గురువులైనా కావచ్చు, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణం, ఆరోదానిలో రెండక్షరాలు.

ఈనియడ్ మొదటి పంక్తి: అర్మ వి | రుంక్వె క | నో త్రో | యై క్వీ | ప్రీముస | బోరీస్. భ, భ, గగ, గగ, భ, గగ. ‘అర్మ’లో అ గురువు, పక్కన సంయుక్తాక్షరం ఉంది కాబట్టి. ‘రుం’ కూడా గురువే, మన సున్నా సూత్రమే అనుకోండి. ప్రీముస్, అబ్, ఓరీస్ అన్న మూడు మాటలు ‘ప్రీముసబోరీస్’గా కలిసి పలకడం వల్లే ‘ము’, ‘స’ లఘువులయ్యాయి. మాట విడదీసి చూస్తే లెక్క తప్పుతుంది. అచ్చు తర్వాత అచ్చు వస్తే మొదటిది ‘రాముడతడు’లో ఉకారంలా పోతుంది. ఉం కూడా అలాగే పోతుంది: ముల్తుం ఇల్లె ఎత్ మూడూ కలిసి ముల్తిల్లెత్. ఒక రోజు పది పంక్తులు గురులఘువులు వేసి, చేత్తో తాళం వేస్తూ చదివితే మర్నాటికి చెవికి పడుతుంది.

ప్రాచీన చరిత్రకారుల్ని ఎంతవరకు నమ్మాలి?

రాసినవాడికీ జరిగినదానికీ మధ్య ఎన్నేళ్ళో ముందు లెక్కపెట్టండి. థుసిడిడీస్ తను బతికి చూసిన యుద్ధం రాశాడు. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయాడు, మనకు దొరికే ప్లూటార్క్, ఆరియన్‌లు దాదాపు నాలుగు శతాబ్దాల తర్వాతివాళ్ళు. వాళ్ళు చూసి రాసుకున్న సమకాలీన గ్రంథాలు పోయాయి. రాయి మీద చెక్కింది కదా అని శాసనాన్నీ ముఖవిలువకు తీసుకోలేం. రోములో పాంథియన్ గుడి ముఖం మీద ‘ఎం. అగ్రిప్పా ఎల్. ఎఫ్. కాస్. తెర్తియుం ఫేకిత్’ అని ఉంది. విప్పితే, లూకియుస్ కొడుకు మార్కుస్ అగ్రిప్పా మూడోసారి కాన్సల్‌గా (రోములో ఏడాదికోసారి ఎన్నికయ్యే పెద్ద పదవి) ఉండగా కట్టించాడు. అంటే క్రీ.పూ. 27. కానీ ఇప్పుడున్న కట్టడం హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 120ల్లో పూర్తయింది. దాని ఇటుకల మీది ముద్రలే ఆ సంగతి బయటపెట్టాయి. పాత కట్టడం పేరు కొత్తదాని నుదుటి మీద రాయించారు.

మూడో నెలలో చదువు మూలపడింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

వద్దు. లాటిన్‌లో మూడో రకం నామాల దగ్గర, గ్రీకులో అసమాపక క్రియల దగ్గర ఆగిపోవడం మామూలే. మొదటికి వెళ్తే మొదటి పది అధ్యాయాలు నాలుగోసారి బాగా వస్తాయి, పదకొండోది ఎప్పటికీ రాదు. రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్ళి, అక్కడి పాఠం రోజూ గట్టిగా చదవండి. వారంలో దారిలో పడతారు.

మొదట చదవాల్సిన మూలం ఏది?

లాటిన్‌లో యూట్రోపియస్. 4వ శతాబ్దంలో వాలెన్స్ చక్రవర్తి కోసం రోము చరిత్రను పది చిన్న భాగాల్లో రాశాడు, వాక్యాలు పొట్టివి. తర్వాత సీజర్. లాటిన్ బైబిల్ కూడా తేలికే, పదాల వరస సూటిగా ఉంటుంది. గ్రీకులో యోహాను సువార్త (తర్వాతి కాలపు వాడుక గ్రీకు), ఆపైన జెనొఫోన్ అనాబసిస్. హోమర్ మాండలికం వేరు, ఏథెన్స్ గ్రీకు ఏడాది చదివాక పట్టండి.

మొదటి వారం రోజుకు ఐదు పంక్తులే. మొదటిసారి నిఘంటువు లేకుండా గట్టిగా చదవండి. రెండోసారి తెలియని మాటలు వెతికి అర్థాన్ని పంక్తి మీద కాదు, వేరే కాగితం మీద రాసుకోండి. మూలం మీద తెలుగు అర్థాలు రాస్తే కన్ను మళ్ళీ లాటిన్‌ను చూడదు. మూడోసారి మర్నాడు పొద్దున, ఆ కాగితం లేకుండా. ఎక్కడ ఆగారో ఆ మాటలు మాత్రమే కార్డుల మీదికి ఎక్కించండి. లోబ్ వాడుతుంటే కుడి పేజీని అట్టముక్కతో కప్పి, మూడోసారి కూడా అయ్యాకే తీయండి.